తాతగారి హెరాల్డ్‌ను స్పోర్ట్స్ కారు చేయుట ఎట్లు?

మీ ఊరు ఉదయగిరి కావచ్చు, ఆత్మకూరు కావచ్చు, ఏ.ఎస్.పేట పక్కన ఏదో పల్లె కావచ్చు. పశువుల కొట్టంలో, గడ్డివామి వెనక, చిరిగిన టార్పాలిన్ కింద ఒక స్టాండర్డ్ హెరాల్డ్ పడి ఉంది. తాత కొన్నాడు, నాయన ఆపేశాడు, మీరు యూట్యూబు చూశారు. డి.సి.పల్లి పొగాకు వేలంలో ఈసారి రేటు బాగానే పలికింది. బెంగళూరులో ఉద్యోగం చేసే బావమరిది "బావా, పాత కార్లకి ఇప్పుడు లక్షలు" అని ఎక్కించాడు. ఇంకేం కావాలి? పని మొదలుపెట్టండి. సంక్రాంతికి బండి బయటికి రావాలి. ఈ గడువు మాత్రం తప్పనిసరి. గడువు లేనివాడు ఆలోచనలో పడతాడు.

అన్నిటికంటే ముందు చెప్పేది, చరిత్ర జోలికి పోకండి. పోతే ఏం తెలుస్తుంది? ట్రయంఫ్ హెరాల్డ్ 1959 ఏప్రిల్‌లో ఇంగ్లండులో విడుదలైందనీ, దాని రూపం గీసింది ఇటలీవాడైన జొవాన్ని మికెలొట్టి అనీ తెలుస్తుంది. ఆ కంపెనీకి బాడీలు అచ్చు కొట్టి ఇచ్చే ఫిషర్ అండ్ లడ్లో సంస్థను పోటీ కంపెనీ బి.ఎం.సి. కొనేసుకుంది. మొత్తం బాడీని ఒకే ముక్కగా చేసిచ్చే నాథుడు కరువయ్యాడు. దాంతో విడిగా ఒక చాసిస్ వేసి, దాని మీద బాడీని ముక్కలుముక్కలుగా బోల్టులతో బిగించే పద్ధతి పెట్టుకున్నారు. గత్యంతరం లేక చేసిన ఆ పనే మనలాంటి దేశాలకు కలిసొచ్చింది. ముక్కల్ని పెట్టెల్లో సర్ది ఓడెక్కిస్తే ఎక్కడైనా బిగించుకోవచ్చు. మద్రాసులో 1948లో పుట్టిన స్టాండర్డ్ మోటార్ ప్రొడక్ట్స్ ఆఫ్ ఇండియా 1961 నుంచి ఆ పనే చేసింది. ఆ దశాబ్దం చివరికి భాగాలన్నీ ఇక్కడివే అయిపోయాయి. నాలుగు తలుపుల హెరాల్డ్ అయితే మన దేశంలో తప్ప ఇంకెక్కడా తయారు కాలేదు. తర్వాత గజెల్ వచ్చింది, 1985లో స్టాండర్డ్ 2000 వచ్చింది, 1988కల్లా కార్ల తయారీ మూతపడింది.

ఇదంతా తెలుసుకుంటే బండి మీద గౌరవం పుడుతుంది. గౌరవం పుట్టినవాడి చేతికి గ్యాస్ కట్టర్ రాదు. అందుకే వద్దన్నాను.

అయినా ఒక్క ముక్క మాత్రం బట్టీ పట్టండి, రచ్చబండ దగ్గర పనికొస్తుంది. ఇది మామూలు కారు కాదు, స్పోర్ట్స్ కారు వంశం. అబద్ధమేమీ కాదు. హెరాల్డ్ చాసిస్‌నే పొట్టి చేసి, మికెలొట్టి దాని మీద రెండు సీట్ల చిన్న బండి ఒకటి గీశాడు. డబ్బుల్లేక కంపెనీ దాన్ని పక్కన పడేసింది. 1961లో కంపెనీ లేలాండ్ చేతికి వచ్చాక, కొత్త యజమానులు ఫ్యాక్టరీ చూడడానికి వచ్చి, ఒక మూల దుమ్ముగుడ్డ కప్పి ఉన్న ఆ నమూనాను చూసి, "ఇదేంది?" అన్నారట. 1962 అక్టోబరులో అది ట్రయంఫ్ స్పిట్‌ఫైర్ అయి బయటికొచ్చింది. 1965 లె మాన్స్ పందెంలో తన తరగతిలో మొదటి స్థానం కొట్టింది. హెరాల్డ్ స్టీరింగ్ ర్యాకును, ముందు చక్రాల నిలువు లింకులను లోటస్‌వాళ్ళు తమ ఎలాన్‌లో పెట్టుకున్నారు. అంత దూరం ఎందుకు, నెల్లూరు నుంచి మద్రాసు పోయే దారిలో, రెడ్‌హిల్స్ ఇవతల షోలవరం ఉంది కదా. అక్కడ యుద్ధకాలపు విమానాల రన్‌వే మీద మద్రాస్ మోటార్ స్పోర్ట్స్ క్లబ్బువాళ్ళు పందేలు పెట్టేవారు. మార్పులు చేసిన హెరాల్డ్‌లు అక్కడ ఫియట్‌లతో పోటీ పడి పరిగెత్తాయి. ఇన్ని సాక్ష్యాలున్నాక ఇంకా ఆలోచన దేనికి? పైకప్పు కోసేయండి.

ఇక్కడ మీకు ఒక అడ్డంకి ఎదురవుతుంది. ప్రతి ఊళ్ళోనూ ఒక ముసలి మేస్త్రి ఉంటాడు. వయసులో మద్రాసులో ఏదో వర్క్‌షాపులో చేసి వచ్చినవాడు. ఇప్పుడు చేతులు వణుకుతాయి, నోరు మాత్రం వణకదు. బండి చుట్టూ ఒకసారి తిరిగి, "అబ్బయా, ఈ బండికి టాపు కొయ్యాల్సిన పన్లేదు, బోల్టుల మీదే ఉంది. స్పానర్లతో ఊడదీసి మళ్ళా బిగించొచ్చు" అంటాడు. నిజమే, హెరాల్డ్ పైకప్పు విడిగా ఊడొస్తుంది. అట్లా చేస్తే మాత్రం లాభమేంది? బోల్టులు తుప్పుపట్టి ఉంటాయి. నూనె పోయాలి, నానబెట్టాలి, ఒక్కోదాన్నీ బతిమాలాలి, ఏది ఎక్కడిదో చీటీ కట్టి పెట్టాలి. కృష్ణదేవరాయలు ఉదయగిరి దుర్గం చుట్టూ ఏడాదిన్నర కూర్చున్నాడు, 1514లో గానీ కోట చేతికి రాలేదు. ఆయన దగ్గర గ్యాస్ కట్టర్ లేదు పాపం. మీ దగ్గర ఉంది. అరగంటలో పని అయిపోతుంది. కోసిన టాపు పారేయకండి, కోళ్ళ గూటి మీదికి పనికొస్తుంది.

బాడీని చాసిస్ మీదినుంచి ఎత్తాలా వద్దా అని కొందరు అడుగుతారు. ఎత్తండి. పదిమంది కుర్రాళ్ళని పిలిచి, తలా ఒక మూల పట్టుకుని, "హైలెస్సా" అంటే లేస్తుంది. మేస్త్రి మళ్ళీ అడ్డం పడతాడు. తలుపుల సందులో ముందు నుంచి వెనక్కి ఇనప కడ్డీలు తాత్కాలికంగా వెల్డింగ్ పెట్టించమంటాడు. లేకపోతే తుప్పు తిన్న నేల వంగుతుంది, తలుపుల స్తంభాలు దగ్గరికొస్తాయి, తర్వాత తలుపులు మూసుకోవు అంటాడు. మూసుకోకపోతే మరీ మంచిది. స్పోర్ట్స్ కారులోకి తలుపు తీసుకుని ఎక్కేదెవరు? దూకాలి.

చాసిస్ కింద మాత్రం చూడొద్దు. బాడీ బరువు మోసే పక్క చేతులు, డిక్కీ కింద పోయే కమ్మీలు నలభై ఏళ్ళ తేమను లోపల దాచుకుని, పైకి గట్టిగా కనిపిస్తుంటాయి. స్క్రూడ్రైవరుతో పొడిస్తే కన్నం పడుతుంది. కనుక పొడవకండి. తుప్పు మీదే నల్లరంగు దట్టంగా రెండు పూతలు వేయండి. మరీ పెద్ద కన్నమైతే గోనెగుడ్డ కుక్కి, ఎం-సీల్ రాసి, మళ్ళీ నల్లరంగు వేయండి. బండిని మోసేది చాసిస్ కాదు, నమ్మకం.

బయట రేకు సంగతికొస్తే, టింకరింగ్‌వాడు సొట్టను లోపలినుంచి సుత్తితో కొట్టి లేపుతానంటాడు. అది పాతకాలపు పద్ధతి. పట్టీ ఉంది కదా, డబ్బాలకు డబ్బాలు దొరుకుతుంది. వేలెడు మందం పూసి, గరుకు కాయితం పట్టిస్తే మెరుగే మెరుగు. అయస్కాంతం పట్టుకుని తిరిగే చుట్టాన్ని మాత్రం దగ్గరికి రానీయకండి. రంగు ఎరుపే వేయండి. డోరు లోపలి అంచున, డ్యాష్‌బోర్డు వెనక కంపెనీ వేసిన అసలు రంగు ఇంకా మిగిలే ఉంటుంది, దాన్ని చూసి మేస్త్రి "ఇది కదా తాత కొన్నప్పటి రంగు" అని కన్నీళ్ళు పెట్టుకుంటాడు. ముందు ఆ చోటనే స్ప్రే కొట్టించండి. ఆధారం ఉండకూడదు. ఆరో నిజాం మహబూబ్ అలీఖాన్ రోల్స్ రాయిస్ సిల్వర్ ఘోస్ట్‌కి ఆర్డరిచ్చి, 1911లో కన్నుమూశాడు. బండి తర్వాత వచ్చింది. పసుపు రంగు, వెనక సింహాసనం. చౌమహల్లా ప్యాలెస్‌లో పెట్టినవాళ్ళు ఆ పసుపును పసుపుగానే ఉంచారు. వందేళ్ళు దాటినా మార్పు తెలియనివాళ్ళు! మీరు ఆ దారిన పోవద్దు. హైదరాబాదులోనే సుధా కార్స్ మ్యూజియం ఉంది, అక్కడ వంకాయ ఆకారంలో కూడా కారుంది. అట్లాంటి ధైర్యం కావాలి మనకి. (ఆ వంకాయను మొదటినుంచీ వంకాయగానే కట్టారు, ఎవరి హెరాల్డునీ పాడుచేయలేదు. ఆ తేడా మీకు అనవసరం.)

ఇప్పుడు ఇంజన్. చాలా ఏళ్ళుగా ఆగిపోయిన ఇంజన్ పట్టేసి ఉంటుంది, తిరగదు. మేస్త్రి ప్లగ్గులు ఊడదీసి, లోపల నూనె పోసి, వారం పదిరోజులు వదిలేసి, తర్వాత చేత్తో మెల్లిగా తిప్పి చూడమంటాడు. మీకు ట్రాక్టరుంది. తాడు కట్టండి, రెండో గేరు వేయండి, ఆత్మకూరు రోడ్డు మీద లాగించండి. లోపల రింగులు విరిగిన చప్పుడు వినిపిస్తే అది ఇంజన్ మేలుకుంటున్న చప్పుడని పక్కవాళ్ళకి చెప్పండి.

అప్పటికీ మేలుకోకపోతే తీసేయండి. ఆ 948 సి.సి. ఇంజన్ చేసే పనెంత, ముప్పై అయిదు గుర్రాలు. మారుతి వ్యాను ఇంజన్ పెట్టిస్తే దానిదీ అటూ ఇటుగా అంతే బలం, కానీ స్పేర్లు ఆత్మకూరు బస్టాండులోనే దొరుకుతాయి. పాత ఇంజన్‌ను తూకానికి అమ్మేయండి. దాని మీద అచ్చు కొట్టిన నంబరు సి-బుక్కులోని నంబరుతో కలుస్తుందేమోనన్న సంగతి తూకంవాడికి అక్కర్లేదు, మీకెందుకు? చెన్నై పుదుపేటలో పాత సామాన్ల కొట్లన్నీ గాలించి, హెరాల్డు పిస్టన్ ఒకటి దొరికిందని పండగ చేసుకునేవాళ్ళున్నారు. వాళ్ళకి వేరే పని లేదు.

ఇంజన్ ఉంచాలనే మొండిపట్టు పడితే, సోలెక్స్ కార్బురేటరు దాకా పోయే పాత రబ్బరు గొట్టాలు మార్చకండి. ఇప్పుడు బంకులో దొరికే పెట్రోలులో ఇరవై శాతం ఇథనాల్ ఉంటుందనీ, అది ఆ కాలపు రబ్బరును మెత్తబరిచి చీలుస్తుందనీ అంటారు. చీలితే పెట్రోలు వేడి ఇంజన్ మీద కారుతుంది. కారితే ఏమవుతుందో మీరే చూడొచ్చు.

కరెంటు పని నేర్చుకోవాల్సిందేమీ లేదు. ఆ కాలపు బ్రిటిష్ కార్లలో చాలావాటికి బ్యాటరీ ప్లస్సును బాడీకి కలిపేవారు. మీరు అలవాటు ప్రకారం మైనస్సే కలపండి. పొగ వస్తే ఎటు కలపాలో తెలిసిపోతుంది.

ఇక అసలు రహస్యం దగ్గరికొద్దాం. హెరాల్డ్ బండిని బొత్తిగా నాశనం చేయాలంటే ఇంత కష్టపడనక్కర్లేదు, ఒక్క చోటు చాలు. ముందు చక్రం వెనక, కింద, ట్రనియన్ అని ఒక ఇత్తడి ముక్క ఉంటుంది. నిలువు లింకు కింది కొన మరలు తీసి ఉంటుంది, ఆ మరలు ఈ ఇత్తడిలోకి దిగుతాయి. స్టీరింగు తిప్పినప్పుడల్లా లింకు ఆ మరల మీదే కాస్త తిరుగుతుంది. బండి ముందు బరువు, గుంతల దెబ్బ, బ్రేకు తోపు అంతా ఆ సన్నటి మరలే కాస్తాయి. హెరాల్డుకి గ్రీజు గొడవ లేదని ఆ రోజుల్లో గొప్పగా ప్రకటించుకున్నారు, కీళ్ళలో నైలాన్ బుష్షులు వేశారు గనక. ఈ ఒక్క చోటికి మాత్రం మినహాయింపు. దీనికి కావాల్సింది గ్రీజు కాదు, చిక్కటి గేరాయిలు. ఆయిలు మరల్లోకి కిందిదాకా పాకుతుంది. గ్రీజు పైనే గడ్డకట్టి దారి మూసేస్తుంది, కింద మరలు ఎండిపోతాయి, నీళ్ళు చేరతాయి, తుప్పుపడుతుంది, లింకు లోలోపలే తెగుతూ వస్తుంది. పైకి ఏమీ కనిపించదు. ఒకరోజు మలుపులో పుటుక్కుమంటుంది, చక్రం బండి కిందికి ముడుచుకుంటుంది.

కనుక మీరు చేయాల్సింది తెలుసు కదా. గ్రీజు గన్ను తీసుకుని, బయటికి పొంగేదాకా కొట్టండి. చూసినవాళ్ళు "ఎంత శ్రద్ధ!" అంటారు. మేస్త్రి మాత్రం ఏమీ అనడు, తువ్వాలు దులుపుకుని లేచి వెళ్ళిపోతాడు. అతను ఊరుకున్నాడంటే మీరు సరిగ్గా చేసినట్టే.

వెనక చక్రాల తీరు ఇంకోలా ఉంటుంది. అక్కడ అడ్డంగా ఒకే కమాను కట్ట, రెండు పక్కలా ఊగే ఇరుసులు. మామూలుగా నడిపితే హాయిగానే ఉంటుంది. మలుపులో వేగంగా పోతూ ఉన్నట్టుండి కాలు తీసేస్తే వెనకభాగం లేచి, బయటి చక్రం లోపలికి మడత పడినట్టు వంగుతుంది, బండి గిర్రున తిరుగుతుంది. ఈ ఇరుసు మన దేశంలో కొన్నవాళ్ళకీ నచ్చలేదు, మెకానిక్కులకీ నచ్చలేదు. అందుకే గజెల్‌కి కంపెనీవాళ్ళే మామూలు ఇరుసు వేశారు. మీరు మాత్రం కట్టలో ఇంకో రెండు పట్టీలు ఎక్కువ వేయించి వెనక పైకి లేపండి. అప్పుడు చక్రాలు నిలబడడంలోనే కాళ్ళు కిందికి చాచినట్టుంటాయి, మడత ఇంకా సులువవుతుంది. ట్రయలు వేయడానికి మర్రిపాడు దాటి బద్వేలు వైపు వెలిగొండ మలుపులున్నాయి. సాయంత్రం పూట మంచిది, లారీలు కూడా ఉంటాయి.

లోపలి పని ఉదయగిరివాళ్ళకి చేతిలో పనే. చెక్క గరిటెలు, చెంచాలు, దువ్వెనలు చేసే కుటుంబాలు అక్కడ తరతరాలుగా ఉన్నాయి. చుట్టుపక్కల అడవి కర్రను ఆరబెట్టి, చెక్కి, నునుపు చేసి పువ్వులు తీస్తారు. ఆ చెంచాలకు భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. బ్రిటన్‌లో హెరాల్డ్ 1200కి చెక్క డ్యాష్‌బోర్డే ఉండేది. పాత అట్ట నమూనా చేతికిస్తే వీళ్ళు అలాంటిది చేయగలరు. చిక్కేమిటంటే, కర్ర ఆరేదాకా ఆగమంటారు. సంక్రాంతి ఆగదు. కనుక చెక్క బొమ్మ ఉన్న ప్లాస్టిక్ స్టిక్కరు కొని అంటించండి. మీటర్లు పీకేసి టచ్ స్క్రీను పెట్టండి. వేసవిలో ఆత్మకూరు ఎండకి స్టిక్కరు తనంతట తనే ఊడొస్తుంది, శ్రమ ఉండదు.

బానెట్టు గురించి ఒక్క మాట. హెరాల్డులో ముందు రెక్కలతో సహా మొత్తం ముందుకి లేస్తుంది, ఇంజనూ చక్రాలూ అన్నీ బయటపడతాయి. మెకానిక్కు టైరు మీద కూర్చుని పనిచేసుకోవచ్చు. పిల్లల్ని దాని మీద ఎక్కించి ఫోటో తీయండి, కీళ్ళు వంగితే మళ్ళీ సరిగ్గా కూర్చోదు.

కాగితాల పని చివర్లో చేయండి, అసలు చేయకపోయినా ఫర్వాలేదు. 2021లో కేంద్రం ఒక నిబంధన తెచ్చింది. యాభై ఏళ్ళు దాటిన బండిని వింటేజ్ వాహనంగా నమోదు చేయించుకోవచ్చు. కొత్తగా అయితే ఇరవై వేల రుసుము, పదేళ్ళ గడువు, నంబరులో వి.ఏ. అనే అక్షరాలు. ఇదివరకే రిజిస్టరైన బండి అయితే పాత నంబరే ఉంచుకోవచ్చు. ప్రదర్శనకో, ర్యాలీకో, పెట్రోలుకో, రిపేరుకో తప్ప రోజూ రోడ్డు మీద తిప్పకూడదు, బాడుగకి అస్సలు కూడదు. ఇంకో షరతు, చాసిస్, బాడీ, ఇంజన్ మార్చి ఉండకూడదు. మీరు ఇప్పటికే మూడూ మార్చారు గనక ఆ కష్టం తప్పింది. ఇంట్లో బియ్యం డ్రమ్ము వెనక తాత పేరుతో ఉన్న చెదలు పట్టిన సి-బుక్కు కనిపిస్తే చించేయండి. పాత నంబరు బోర్డు మీద ఆ రోజుల్లో చేత్తో రాసిన అంకెలుంటాయి, దాన్ని తీసి, ఏ.పి. 26తో మొదలయ్యే ఫ్యాన్సీ నంబరు స్టిక్కరు వేయండి. బ్రేకు ఇన్‌స్పెక్టరు ఆపి, "ఇదేం బండి నాయనా?" అని అడిగితే "స్పోర్ట్స్" అనండి. ఆయన ఉద్యోగంలో అలాంటి జవాబు విని ఉండడు, కాసేపు నవ్వుకుని తర్వాత సీజ్ చేస్తాడు.

సంక్రాంతి నాడు ఊరేగింపు ఎట్లాగూ అవుతుంది. పాతికడుగుల్లో చుట్టు తిరిగొచ్చే బండి అది, సన్నటి వీధిలో ఒక్క దెబ్బకే మళ్ళుతుంది. మీ బండి ట్రనియన్లు ఆ మళ్ళింపును ఒకటి రెండుసార్లు ఓర్చుకుంటాయి.

పండగ తర్వాత అమ్మేయండి. ప్రకటనలో "అంతా ఒరిజినల్, ఒకే కుటుంబం చేతిలో" అని రాయండి. రెండో మాట నిజమే కాబట్టి మొదటిదానికి అండగా ఉంటుంది. ఫోటోలు మబ్బు పట్టిన సాయంత్రం, ఎరుపు బాగా కనిపించే పక్కనుంచి తీయండి. కొనేవాడు చెన్నై నుంచి వస్తాడు. కారు చుట్టూ తిరిగి రంగు మెచ్చుకుంటే కుర్చీ వేయండి, కాఫీ ఇవ్వండి, ధర రెట్టింపు చెప్పండి. రాగానే చేతిలో టార్చిలైటు పట్టుకుని, చొక్కా మాసినా లెక్కచేయకుండా బండి కిందికి దూరాడంటే మాత్రం, అతను కొనడు. కాఫీ పొయ్యి మీదినుంచి దించేయమని ఇంట్లోవాళ్ళకి చెప్పండి.